అడగకుండా వేసిన తోడు

పులిగుట్ట తండా ఆడవాళ్ళు నీళ్ళకు పోయేటప్పుడు బిందెతో పాటు ఒక పాత గుడ్డ కూడా వెంట తీసుకుపోయేవారు. బిందె సంగతి సరే, గుడ్డ ఎందుకని మీరు అడగవచ్చు. ఎర్రకుంట నీళ్ళ మీద ఎప్పుడూ నూనె తెట్టు తేలుతూ ఉండేది. ముందు గుడ్డను నీళ్ళ మీద పరిచి, తెట్టును పక్కకు లాగి, ఒడ్డున పిండేసి, అది మళ్ళీ కమ్ముకొచ్చేలోగా బిందె ముంచుకోవాలి. ఆ పనిలో వాళ్ళకు ఎంత చేయి తిరిగిందంటే, పెళ్ళి కబుర్లు చెప్పుకుంటూనే కానిచ్చేసేవారు. ఆరేళ్ళ ఆడపిల్ల కూడా చిన్న గుడ్డ ముక్క పట్టుకుని తల్లి వెంట నడిచేది.

"మీ తండాల తలకు నూనె కొనే పనే లేదు గదా!" అని మానుకోట బజారులో దుకాణాల వాళ్ళు నవ్వేవారు. తండా వాళ్ళూ నవ్వేవారు. నవ్వక ఏం చేస్తారు? రోజూ జరిగే అన్యాయానికి కొన్నాళ్ళకు అలవాటని పేరు పెట్టేసుకుంటాం. ఆ తరువాత ఎవరికీ అది కనిపించదు.

ఆ తెట్టు ఎక్కడిదో మాత్రం అందరికీ తెలుసు. మానుకోట శివారులో, రైలు పట్టాలకు అవతల, వెంకటనర్సయ్య నూనె మిల్లు ఉంది. ముందు షెడ్డులో పల్లి నూనె తీస్తారు, వెనక షెడ్డులో బట్టల సబ్బు వండుతారు. అక్కడి మడ్డి, కడుగునీళ్ళు అన్నీ కలిసి ఒక మోరీ గుండా పారి ఎర్రకుంటలో పడతాయి. వెంకటనర్సయ్య చెడ్డవాడేమీ కాదు. ఏటా ఎండాకాలం రైల్వేస్టేషను ముందు చలివేంద్రం పెట్టించి, కొత్తకుండల్లో చల్లటి నీళ్ళు పోయిస్తాడు. ఆ పుణ్యం కళ్ళకు కనిపిస్తుంది. మోరీ చివర ఏముందో చూడటానికి ఆయన ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ నడిచి పోలేదు.

నడిచి పోయినవాడు ఆయన కొడుకు సోమేశ్వర్.

సోమేశ్వర్‌కు అప్పటికి ముప్పై మూడేళ్ళు. అరవై తొమ్మిదిలో హన్మకొండ కాలేజీలో చదువుతూ తెలంగాణ ఉద్యమంలో దిగాడు, ఒక ఏడాది చదువు పోగొట్టుకున్నాడు, పది రోజులు జైల్లో ఉన్నాడు. "మా బతుకుల గురించి మమ్ముల అడగకుండ ఎవరో ఎట్ల ఫైసల చేస్తరు?" అని చౌరస్తాలో గొంతు చించుకుని అరిచినవాడు. తరువాత అందరిలాగే డిగ్రీ పూర్తిచేసి, పెళ్ళిచేసుకుని, తండ్రి మిల్లులోనే కుదురుకున్నాడు. కానీ ఆ పాత మంట ఎక్కడో నివురు కింద ఉండనే ఉంది.

ఎనభై మూడు వేసవిలో ఒకరోజు, మిల్లులో పల్లికాయ చెరిగే పనికి వచ్చే రాజీ అనే లంబాడీ పిల్ల రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని వచ్చింది. చేతులు మోచేతుల దాకా పొక్కిపోయి ఉన్నాయి.

"ఏమైందే?" అని అడిగాడు సోమేశ్వర్.

"కుంట నీళ్ళు, చిన్నసేటు. ఎండకాలం నీళ్ళు తక్కువైతయి గదా, మడ్డి ఎక్కువైతది" అంది రాజీ, ఇందులో చెప్పడానికేముందన్నట్టు.

ఆ సాయంత్రం అతను మోరీ వెంబడి నడుచుకుంటూ కుంట దాకా పోయాడు. గుడ్డలతో తెట్టు లాగుతున్న ఆడవాళ్ళను చూశాడు. చెప్పులు విడిచి ఒడ్డున నిలబడిపోయాడు. 

మర్నాడే తండ్రి ముందు కూర్చున్నాడు. "బాపూ, మోరీ బంద్ చేద్దాం. మిల్లు వెనక రెండు పెద్ద గుంతలు తవ్వి, మడ్డిని అండ్లనే పేరనిద్దాం. పైకి తేరిన నీళ్ళే బయటికి పోతయి."

"గుంతలు తవ్వితే కొత్త మిషిన్ ఎక్కడ పెడ్తవ్‌రా? మిల్లన్నంక మడ్డి రాదా? ఏనాడు లేంది ఇప్పుడెందుకీ పరేషాన్?" అన్నాడు వెంకటనర్సయ్య. కొత్త మిషిను కోసం ఆయన చూసి పెట్టుకున్న జాగా అదే మరి.

తండ్రిని ఎదిరించేంత ధైర్యం సోమేశ్వర్‌కు లేదు. ఊరుకునేంత మొద్దుతనమూ లేదు. అటువంటివాళ్ళు మూడో దారి వెతుకుతారు. అడ్డదారులన్నీ మంచివాళ్ళు వెతికినవేనని నా అనుమానం.

ఆ మూడో దారి కైలాసం రూపంలో రైలు దిగింది. కైలాసం అరవై తొమ్మిదిలో సోమేశ్వర్‌తో పాటు జైల్లో ఒకే కంబళి కప్పుకున్న స్నేహితుడు. ఇప్పుడు హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు. సోమేశ్వర్ కుంట గోడు చెప్పుకోగానే అతని కళ్ళు మెరిశాయి. పదిహేను రోజుల్లో మళ్ళీ వచ్చాడు, సంచిలో గుడ్డ చుట్టిన ఒక గాజుసీసాతో.

"గిది చూస్తే నీళ్ళలెక్కనే ఉన్నది గని, నీళ్ళు కాదు. దీంట్ల ప్రాణమున్నది" అన్నాడు కైలాసం. "కంటికి కనపడని క్రిములు. ఒక క్రిమికి ఉన్న గుణాన్ని తీసి ఇంకో క్రిమికి ఎక్కించినం. దేవుడు పుట్టించింది కాదు, మేం కూర్చింది. నూనె కనపడితే చాలు, తింటది, పెరుగుతది, మళ్ళ తింటది. గని సోమేశ్, ఇంకా పరీక్షల్నే ఉన్నది. బయటికి తేవద్దు, నీ కోసం తెచ్చిన. సిమెంటు తొట్టిల చూడు. ఒక వానకాలం, ఒక ఎండకాలం గడవాలె. తొట్టి దాటనియ్యకు."

"దాటనియ్య" అని సోమేశ్వర్ అతని చేతిలో చెయ్యి వేశాడు.

తొట్టినిండా మడ్డినీళ్ళు నింపి, సీసాలో సగం అందులో పోశాడు. మూడో రోజుకు తెట్టు పలచబడింది. అయిదో రోజుకు చిరిగింది. ఏడో రోజు పొద్దున తొట్టి అడుగున పడి ఉన్న పల్లిపొట్టు కూడా స్పష్టంగా కనిపించింది.  వెంకటనర్సయ్య వచ్చి తొంగి చూసి, చేయి ముంచి, వేళ్ళు రాసుకుని చూశాడు. జిడ్డు లేదు. కొంచెం పుల్లటి వాసన మాత్రం వేసింది.

"ఓరి నీ! గుంతల్లేవు, గింతల్లేవు! మొత్తం కుంటల పోసెయ్యిరా!" అన్నాడు.

"ఉన్నదే సగం సీసా, బాపూ."

అప్పుడు ఆ మాట అన్నది తల్లి లక్ష్మీకాంతమ్మ. ఆమె అప్పుడే వంటింట్లో పాలు తోడువేసి, చేయి కడుక్కుంటూ వచ్చింది. "ప్రాణమున్నదే గదా అది? నిన్నటి పెరుగు చెంచెడు ఏస్తే కడివెడు పాలు తోడుకుంటలేవా? ఇదీ గంతే. గంజినీళ్ళల్ల జర బెల్లం కలిపి తోడెయ్యి. కుండెడైతది. కుండెడుతోని డ్రమ్మైతది."

పాపం, ఆమె తప్పేముంది? తోడు గురించి ఆ తల్లికి తెలిసినంత ఏ శాస్త్రవేత్తకు తెలుసు? ఆమెకు తెలియనిది ఒక్కటే. పెరుగు పులిస్తే పారబోసుకోవచ్చు. దీన్ని పారబోసే చోటు లేదు.

కుంటలో పోయవచ్చా అని సోమేశ్వర్ కైలాసానికి ఉత్తరం రాశాడు. జవాబు వచ్చేదాకా ఆగుదామనే అనుకున్నాడు. కానీ రాజీ చేతుల పొక్కులు రోజూ ఎదురుగా కనిపిస్తున్నాయి. మృగశిర దగ్గరపడింది, కుంటలో నీళ్ళు మోకాలి లోతుకు దిగాయి. ఇప్పుడు పోస్తే తక్కువతో పని అవుతుంది, వానలొస్తే కష్టమన్నాడు తండ్రి. మంచిపనికి ఆలస్యమెందుకని మనసూ అదే పాట పాడింది. జవాబు రాకముందే వంటింటి గంజి, గోదాములోని బెల్లం కలిసి నాలుగు డ్రమ్ముల తోడు తయారైంది.

మిల్లు మేస్త్రీ కొండల్‌ను వెంటబెట్టుకుని ఒక పొద్దున ఎడ్లబండి మీద డ్రమ్ములు తోలించుకుపోయి ఎర్రకుంటలో పోయించాడు. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు బిందెలు చంకన పెట్టుకుని వింతగా చూశారు.

"ఏంది చిన్నసేటు అది?" అని అడిగింది రాజీ తల్లి తుల్సీబాయి.

"మందు. కుంట మంచిగైతది" అన్నాడు సోమేశ్వర్.

అంత పెద్ద సంగతికి ఆ ఒక్క మాటే చెప్పాడు. తుల్సీబాయి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

నెల తిరగకుండానే కుంట మీద తెట్టు మాయమైంది. వానలు పడ్డాయి, నీళ్ళు పెరిగాయి, ఆకాశం కుంటలో కనిపించింది. ఆడవాళ్ళు పాత గుడ్డలు పారేశారు. రాజీ చేతులు మానాయి. మిల్లులో వెంకటనర్సయ్య మీసం దువ్వుకుని, గుంతలకని అడిగిన జాగాలో కొత్త మిషిను దింపించాడు. ఇంతకు ముందు మోరీలోకి వదలడానికి కాస్తో కూస్తో వెనకాడే కొండల్‌తో, "వదులురా, తినేటోళ్ళున్నరు" అన్నాడు. మడ్డి రెట్టింపైంది. సోమేశ్వర్‌కు అది కొంచెం గుచ్చుకుంది కానీ, నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా అని సర్దిచెప్పుకున్నాడు.

శ్రావణం మొదట్లో తండా నాయక్ దేవ్యా అతనికి కబురు పెట్టాడు. నాయక్ అంటే తండాకు పెద్ద. డెబ్బై ఏళ్ళ మనిషి, తక్కువ మాట్లాడతాడు. సోమేశ్వర్ పోయేసరికి ఆయన గుడిసె ముందు పెళ్ళికాని పిల్లలు పదిహేను మంది వరుసగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో నాయక్ మనవరాలు రాజీ కూడా ఉంది. తీజ్ పండుగ వేసుకోవడానికి నాయక్ సెలవు అడగటానికి వచ్చారు. ప్రతి పిల్లా ఒక చిన్న బుట్టలో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు కుంట నీళ్ళు తెచ్చి పోస్తుంది. తొమ్మిదో రోజుకు మొలకలు ఎంత ఏపుగా పెరిగితే ఆ పిల్లకూ ఆ ఇంటికీ అంత శుభం. చివరికి వాటిని కుంటలోనే కలుపుతారు.

దేవ్యా నాయక్ ఒక్కొక్కరినీ అడిగాడు, అమ్మానాయిన ఒప్పుకున్నారా, నీళ్ళు ఎవరు తెస్తారు, బుట్టలు ఎక్కడ పెడతారు అని. పిల్లలు జవాబు చెప్పారు. అంతా అయ్యాక ఊ అన్నాడు.

"పిడికెడు గోధుమలకు ఇంత పంచాయితీనా నాయక్?" అని నవ్వాడు సోమేశ్వర్.

"మన్ను అందరిది, నీళ్ళు అందరియి, చిన్నసేటు. పిడికెడైనా పుట్టెడైనా అడగాలె" అన్నాడు నాయక్. ఆ వెంటనే అతని చేయి పట్టుకుని, "మా కుంటను మాకిచ్చినవ్. తొమ్మిదో నాడు నువ్వే పెద్దమనిషివి, రావాలె" అన్నాడు.

సోమేశ్వర్ పొంగిపోయాడు. ఇంటికి వస్తూ దారంతా ఆ చేయి స్పర్శనే తలచుకున్నాడు.

తొమ్మిదో నాడు కొత్త ధోవతి కట్టుకుని, పిల్లలకు మిఠాయి పట్టుకుని మధ్యాహ్నానికి తండా చేరాడు. పాటలు వినపడతాయనుకున్నాడు. తండా చడీచప్పుడు లేకుండా ఉంది. నాయక్ గుడిసె ముందు మంచె చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. ఆడపిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు.

జనాన్ని తప్పించుకుని ముందుకు వెళ్ళి అతను మంచె మీదికి చూశాడు.

మంచె మీద పదిహేను బుట్టలున్నాయి. పద్నాలుగింటిలో ఒక్క మొలక లేదు. పుట్టమన్ను మీద బూడిదరంగు జిగురు పొరలా కమ్ముకుని ఉంది. వేలితో కదిలిస్తే గోధుమ గింజలు గంజిలా నలిగిపోయాయి. పద్నాలుగు బుట్టల మధ్య ఒక్క బుట్టలో మాత్రం జానెడు పచ్చటి పైరు నిగనిగలాడుతోంది. అది రాజీ బుట్ట.

"నీ ఒక్కదానియే ఎట్ల మొలిచినయే? ఏం చేసినవ్? ఎవలికి మొక్కినవ్?" అని ఒక తల్లి రాజీ రెక్క పట్టుకుని ఊపేస్తోంది. పద్నాలుగు ఇళ్ళకు అశుభం, ఒక్క ఇంటికి శుభం. ఆ లెక్కకు తండాలో అర్థం ఒక్కటే, ఆ పిల్ల ఏదో చేసింది. తుల్సీబాయి కూతురికి అడ్డం పడి నెత్తీనోరూ కొట్టుకుంటోంది.

రాజీ తాత కాళ్ళ దగ్గర కూలబడింది. "నేను తప్పు చేసిన తాతా. అందరితోని కుంటకు పోలే. మిల్లుల పని ఇడిసేసరికి మాపయితుండె. స్టేషన్ కాడ నల్లా తిప్పి నీళ్ళు పట్టుకొచ్చి పోసిన. కుంట నీళ్ళే పొయ్యాలెనని తెలుసు. చెప్తె తిడ్తరని చెప్పలే."

జనం ఒక్కసారి గుప్పున మాట్లాడారు. నియమం తప్పిన పిల్ల బుట్ట ఎట్లా మొలుస్తుందని ఒకరు, నియమం తప్పినందుకే మిగతావి చచ్చాయని మరొకరు అరిచారు. కానీ సోమేశ్వర్‌కు ఆ మాటలేవీ వినపడటం లేదు. బుట్టల నుంచి వస్తున్న వాసన అతని ముక్కు పుటాలను తాకింది. పుల్లటి వాసన. తొట్టిలోది, డ్రమ్ముల్లోది. గోధుమ గింజ మొనలో కూడా రవ్వంత నూనె ఉంటుందని కాలేజీలో చదువుకున్న పాఠం పద్నాలుగేళ్ళ తరువాత గుర్తొచ్చింది.

మిఠాయి పొట్లం చేతిలోంచి జారి పడింది. ఒక్క మాటా చెప్పకుండా వెనక్కు తిరిగి దాదాపు పరుగెత్తాడు. ఆ పూట నిజం చెప్పి ఆ పిల్లను కాపాడవలసినవాడు అతను ఒక్కడే. అతనే పారిపోయాడు. ఈ కథ చెబుతున్న నాకు ఆ సంగతి రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

ఇంటికి పోతూనే మిల్లులోంచి విత్తనం పల్లీలు పిడికెడు తెచ్చి రెండు గిన్నెల్లో పోశాడు. ఒకదానిలో ఇంటి బావి నీళ్ళు, ఇంకోదానిలో కొండల్‌తో తెప్పించిన కుంట నీళ్ళు పోశాడు.  ఆ వెంటనే కైలాసానికి టెలిగ్రాం కొట్టించాడు.

రెండో రోజు పొద్దున గిన్నెలు రెండూ తండ్రి ముందు పెట్టాడు. బావి నీళ్ళ పల్లీలకు తెల్లటి మొలక ముక్కులు వచ్చాయి. కుంట నీళ్ళ పల్లీలు చూడటానికి బాగానే ఉన్నాయి. వెంకటనర్సయ్య ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కాడు. పొట్టు పొట్టుగానే ఉంది. లోపల గింజ లేదు. బూడిదరంగు జిగురు వేళ్ళ మధ్య నుంచి కారింది.

నలభై ఏళ్ళుగా పల్లీని చూస్తే చాలు అందులో ఎంత నూనె దిగుతుందో చెప్పగలిగిన మనిషి ఆయన. ఇంకొకటి నొక్కాడు. ఇంకొకటి. అన్నీ అంతే. నిలబడ్డవాడు నిలబడ్డట్టే గద్దె మీద కూర్చుండిపోయాడు.

"గింజ లోపటికి పోయిందారా?" అన్నాడు.

"దానికి మడ్డేదో, విత్తనమేదో ఎట్ల తెలుస్తది బాపూ? మనం నూనె తినమన్నం. తింటున్నది."

వాకిట్లో చెంబు పడిన చప్పుడైంది. లక్ష్మీకాంతమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "నేనే చెప్పిన గదరా తోడెయ్యమని" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

మధ్యాహ్నం బండికి కైలాసం దిగాడు. గిన్నెలు చూడగానే అతని ముఖం పాలిపోయింది. "ఉత్తరం అందిన రోజే వద్దని జవాబు రాసిన. అందలేదా?" అన్నాడు.

"అందింది. అప్పటికే పోసిన. నీళ్ళు తేటబడ్డయి గదా అని ఊకున్న. కైలాసం, ఎట్లనన్న వెనకకు తీసుకో. మళ్ళ ఆ సీసాలకు పట్టుకపో!"

"ఎట్ల తీసుకుంటర్రా? అది లక్షల కోట్లయింది. తిండి దొరకకుండ చెయ్యాలె, సున్నం చల్లాలె, కుంట అడుగు దాక ఎండాలె. నీళ్ళుంటే బతుకుతది. పారితే నీళ్ళతో పాటు పోతది. తప్పు నాది. పేరు రావాలెనన్న ఆశకొద్ది తలుపు దాటని దాన్ని సంచిల పెట్టుకొచ్చిన."

పారితే అన్న మాట దగ్గర సోమేశ్వర్ లేచి గుమ్మంలోకి పోయి ఆకాశం చూశాడు. ఎర్రకుంట నిండితే మత్తడి, అంటే అలుగు, దూకి ఆ నీళ్ళు రాయినిపల్లి చెరువులో పడతాయి. ఆ చెరువు కింద నూరు కుటుంబాలు పల్లి వేస్తాయి. ఆ చెరువు నిండితే వాగు, వాగు నుంచి ఇంకో చెరువు. పూర్వులు మాలలా కూర్చిన చెరువులు, ఒకదాని నీళ్ళు ఒకదానికి అందేటట్టు. ఏ నేర్పు ఇన్నేళ్ళూ పంటలు పండించిందో, అదే ఇప్పుడు ఈ పీడను ఊరూరా మోసుకుపోతుంది. ఎర్రకుంట మత్తడికి ఇంకా మూరెడే తక్కువ ఉంది. బయట ముసురు మొదలైంది.

ఈసారి సోమేశ్వర్ పారిపోలేదు. కైలాసాన్ని వెంటబెట్టుకుని తండాకు పోయాడు. దేవ్యా నాయక్ గుడిసె ముందు జనం పోగయ్యారు. రాజీ ఒక మూల, ఎవరూ పలకరించని చోట కూర్చుని ఉంది. సోమేశ్వర్ మొదలు ఆమె వైపే చూపించి మాట్లాడాడు.

"ఆ పిల్ల తప్పు లేదు. కుంటల నేను పోసింది మందు కాదు. అది ప్రాణమున్న క్రిమి. ప్రయోగశాలల చేసింది. మడ్డిని తిన్నది, ఇప్పుడు గింజల్ని తింటున్నది. ఇంకా పరీక్ష కాలేదని తెలుసు. అయినా పోసిన. మీకు చెప్పలే."

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. తుల్సీబాయి మాత్రం ఒక్క మాట అడిగింది. "మేం తాగుతున్నం గదా సేటూ ఆ నీళ్ళు? మా పిల్లలకేమైతది?"

సోమేశ్వర్ కైలాసం వైపు చూశాడు. కైలాసం తల దించుకుని, "ఏం కాదనే అనుకుంటున్న అక్కా. గని తెల్వదు" అన్నాడు.

తెల్వదు! ఆ మాటకు తండా అంతా నిర్ఘాంతపోయింది. ఇంత చదివినవాళ్ళు, తెలియకుండానే తమ బిడ్డలు తాగే నీళ్ళలో కలిపారా? తల్లులు బిడ్డలను దగ్గరకు లాక్కున్నారు.

దేవ్యా నాయక్ మెల్లగా లేచి నిలబడ్డాడు.

"చిన్నసేటూ, ముప్పై ఏండ్లు మీ మిల్లు మా నీళ్ళల్ల మడ్డి పోసింది. అప్పుడు మమ్ముల అడగలే. ఇప్పుడు మంచి చేస్తనని ఇంకోటి పోసినవ్. ఇప్పుడూ అడగలే. మా పోరగాండ్లు పిడికెడు గోధుమలు చల్లెతందుకు నా ముందర వరుసగ నిలబడి అడిగిన్రు. నువ్వు ఎదురుంగ నిలబడి చూసినవ్, నవ్వినవ్. మందంటే వాడితే అయిపోతది. ప్రాణమున్నది అయిపోతదా? దాన్ని ఇడిసేముందు, పట్టుకునే తొవ్వ ఏందని నువ్వన్న అడుక్కున్నవా? నువ్వు అరవై తొమ్మిదిల జైలుకు పోయినవట గదా. ఎందుకు పోయినవ్ బిడ్డా?"

సోమేశ్వర్ తల మీద పిడుగు పడినట్టయింది. చౌరస్తా, జెండాలు, తన గొంతు గుర్తొచ్చాయి. మమ్ముల అడగకుండ ఎట్ల ఫైసల చేస్తరు? పద్నాలుగేళ్ళ కింద పెద్దవాళ్ళను నిలదీసిన ప్రశ్న తిరిగి తిరిగి వచ్చి తన ముందే నిలబడింది. అతను చేతులు జోడించాడు.

నాయక్ ఇంక అతని వైపు చూడలేదు. తన వాళ్ళ వైపు తిరిగి, "రాయినిపల్లోళ్ళకు ఈ పీడ పోవద్దు. వాగు నుంచి కుంటకు వచ్చే కాలువను కట్టేద్దాం. మత్తడి ఎత్తు పెంచుదాం. ఈ ఏడు మనకు కుంట లేదనుకుందాం. ఒప్పుకుంటరా?" అని అడిగాడు. అంత అవసరంలోనూ ఒక్కొక్క ఇంటి పెద్దనూ పేరుపెట్టి అడిగాడు. కుంట లేకపోతే వాళ్ళకు రబీలో వేసే యాసంగి పంట లేదు, పశువులకు నీళ్ళు లేవు. అయినా ఒక్కరు కూడా కాదనలేదు. అన్యాయం జరిగినవాళ్ళే పారలు పట్టుకుని ముసురులో బయలుదేరారు. సోమేశ్వర్ ధోవతి పైకి చెక్కి వాళ్ళ వెనక మట్టి తట్ట మోశాడు. పొద్దుగూకకముందే కాలువ పూడింది, మత్తడి ఎత్తు పెరిగింది.

మరునాడు మిల్లు ఆగింది. కొత్త మిషిను పీకించి, ఆ జాగాలో గుంతలు తవ్వించినవాడు స్వయంగా వెంకటనర్సయ్యే. మోరీ మూతికి సిమెంటు పూస్తుంటే దగ్గర నిలబడ్డాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదురా పెద్దలు. ముందే తవ్వితే ఒక్క గుంతతోని పోయేది" అన్నాడు కొడుకుతో. లక్ష్మీకాంతమ్మ మిల్లు బావి నుంచి తండాకు గొట్టం వేసేదాకా భర్తను నిద్రపోనివ్వలేదు.

ఎండాకాలానికి ఎర్రకుంట అడుగు నెర్రెలు బారింది. బండ్ల కొద్దీ సున్నం చల్లారు. మళ్ళీ వానలొచ్చి కొత్త నీళ్ళు చేరాయి. తండా వాళ్ళు ఆ నీళ్ళు ముట్టుకోలేదు. ముందు రాజీ ఒక గిన్నెలో కుంట నీళ్ళు పోసి గోధుమలు వేసింది. మూడో రోజు మొలకలొచ్చాయి. అయినా నెల నెలా ఆ గిన్నె పెడుతూనే ఉంది. పూర్తిగా పోయిందని కైలాసం కూడా చెప్పలేకపోయాడు మరి. గుడ్డ పట్టుకుని నీళ్ళకు పోయే బాధ తప్పిన ఆ పిల్లకు, గిన్నె పట్టుకుని భయపడే బాధ మిగిలింది.

శ్రావణంలో పిల్లలు మళ్ళీ నాయక్ గుడిసె ముందు వరుసగా నిలబడ్డారు. అందరి కంటే వెనక సోమేశ్వర్ నిలబడ్డాడు. పిల్లలు నవ్వుకున్నారు కానీ అతను కదలలేదు. తన వంతు వచ్చేదాకా ఆగి, "నాయక్, కుంట గట్టు మీద నాలుగు వేపమొక్కలు పెడ్దామనుకుంటున్న. మీరంత ఒప్పుకుంటేనే" అన్నాడు.

దేవ్యా నాయక్ నవ్వాడు. "చెట్టే గదా, వద్దంటే పీకేసుకోవచ్చు. గని అడిగినవ్. కూసో, అందరం మాట్లాడుకుందాం" అని చాప చూపించాడు.

నీళ్ళను చెడగొట్టినవాడు చెడగొట్టడం మానేసి తీరాలి, బాగుచేసి తీరాలి. కానీ ఆ నీళ్ళు తాగే మనుషులను అడగకుండా, మళ్ళీ వెనక్కు పిలవలేని ప్రాణిని అందులో వదిలే హక్కు ఎంతటి మంచివాడికైనా, ఎంత చదివినవాడికైనా లేదు.